గాడిలో తడి

మార్చి 2, సోమవారం

ఇవాళ రాయలేను. రేపు రాస్తాను.

మార్చి 3, మంగళవారం

నిన్నటిది రాసి పెట్టుకోవాలి. లేకపోతే వాళ్లు చెప్పేదే నిజమని కొన్నాళ్లకు నేనూ నమ్మేస్తాను.

మధ్యాహ్నం మూడుంపావు. పసుపు దీపాల గది. యాసిడ్ పొగలు లాగే హుడ్ ముందు అక్క, పక్క బల్ల దగ్గర నేను. నిన్న పదహారు గాజు మాస్కులు కడగాలి, మామూలుగా పది. అక్క తొమ్మిదోదాన్ని అసిటోన్‌లోంచి తీసింది, నైట్రోజన్ గొట్టంతో ఊదింది, చట్రంతో సహా వేడి యాసిడ్ తొట్టిలోకి దించింది. నేను అటు చూడటం లేదు. ముందు బుస్సుమని చప్పుడు. ఆ వెంటనే దభీమని. తిరిగేసరికి తొట్టిలో ఉండాల్సిన యాసిడ్ హుడ్ అద్దం మీద కారుతోంది. అక్క ఫేస్ షీల్డ్ పెట్టుకునే ఉంది. మళ్లీ రాస్తున్నాను, పెట్టుకునే ఉంది. గడ్డం కింద సందులోంచి ఎగజిమ్మింది.

కళ్లు కడిగే కుళాయి దగ్గరికి నేనే లాక్కెళ్లాను. పదిహేను నిమిషాలని రూలు. ఇరవై ఐదు నిమిషాలు కడిగాను. "చాల్లేవే, ఊపిరాడట్లేదు" అంటోంది అక్క. "నోర్మూసుకుని కళ్లు తెరువు" అన్నాను. సొంత అక్క కాదు, పనిలో నాకంటే పదకొండేళ్లు పెద్దది. నాకు గ్లవ్స్ ఎలా వేసుకోవాలో నేర్పిన మనిషి. ఆవిడని నోర్మూసుకోమన్నాను.

సాయంత్రం షిఫ్టు దిగేసరికే నోటీసు బోర్డు మీద మేనేజర్ కాగితం. "నిర్దేశిత పద్ధతిని వర్కర్ ఉల్లంఘించినందువల్ల ప్రమాదం." అప్పటికి అక్క ఇంకా ఆసుపత్రి గుమ్మంలో స్ట్రెచర్ మీదే ఉందని తర్వాత తెలిసింది. అంత తొందరగా ఈ ఫ్యాక్టరీలో ఎప్పుడైనా ఏ కాగితమైనా కదిలిందా? గ్లవ్స్ చిరిగిపోయాయి, కొత్తవి ఇవ్వండని రాస్తే నెల పడుతుంది.

నిర్దేశిత పద్ధతి అంటే గోడకు ప్లాస్టిక్ కవరులో వేలాడే షీటు. అసిటోన్, తర్వాత నీళ్లు, తర్వాత నైట్రోజన్, అప్పుడు యాసిడ్. అందులో నీళ్ల మెట్టు ఎనిమిది నెలలుగా ఎవరూ చేయడం లేదు. మేనేజర్‌కు తెలుసు. సూపర్‌వైజర్‌కు తెలుసు. ఆ గోడకి కూడా తెలుసు.

నీళ్లు లేని పద్ధతి ఎవరు కనిపెట్టారో ఇక్కడ రాయక్కర్లేదు. రాసేది నేనే, చదివేది నేనే.

మార్చి 4, బుధవారం

కుడి కన్ను. ఎడమదానికి ఏమీ కాలేదట.

మార్చి 5, గురువారం

ఆసుపత్రికి వెళ్లాను. అక్క భర్త బయట బెంచీ మీద ఉన్నాడు. సిటీ బస్సు నడుపుతాడు, నేను బావా అంటాను. ఎప్పుడు కనిపించినా "వచ్చిందమ్మా కందిరీగ" అంటాడు. ఫ్యాక్టరీలో నాకు పెట్టిన పేరు అక్క ఇంటిదాకా మోసుకెళ్లింది. ఇవాళ అనలేదు. జరిగి చోటిచ్చాడు.

కంటి డాక్టరమ్మ ఇద్దరినీ లోపలికి పిలిచింది.

"కన్ను పైపొర బాగా కాలింది. దాని మీద ఇంకో పొర వేసి కుట్టాలి. ఎంత త్వరగా వేస్తే అంత మంచిది. వారం లోపల అయితే చూపు మీద నాకు ఆశ ఉంది. తర్వాత నేనేం చెప్పలేను."

"మరి వేయండి. ఎవరి కోసం ఆగారు?" అన్నాను.

కోప్పడలేదు ఆవిడ. "పనిలో జరిగిన ప్రమాదం కదమ్మా. మీ కంపెనీ నుంచి లెటర్ రావాలి. అది లేకుండా మా ఆఫీసు వాళ్లు థియేటర్ ఇవ్వరు."

బావ అక్కడి నుంచే ఫోన్ చేశాడు. విచారణ అయ్యాకే లెటర్ అన్నారు. తప్పు వర్కర్‌ది అని తేలితే అసలు లెటరే ఉండదన్నారు. ఫోన్ పెట్టేసి చాలాసేపు దాన్ని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"నువ్వు పక్కనే ఉన్నావు కదమ్మా, నువ్వు చెప్తే వినరా?"

"వింటారు బావా. ఎందుకు వినరు" అన్నాను.

మార్చి 6, శుక్రవారం

సూపర్‌వైజర్‌ని మేం స్టాప్‌వాచ్ అంటాం. ఐడీ కార్డుతో పాటు నిజంగానే ఒకటి మెడలో వేలాడుతుంటుంది. ఇవాళ బట్టలు మార్చుకునే గది బయట ఆపాడు.

"ఆసుపత్రికి వెళ్లొచ్చావంట?"

"వెళ్లొచ్చాను. మీరెప్పుడు వెళ్తున్నారు?"

"ఆ నోరే తగ్గించుకోమనేది." నవ్వాడు. "విచారణకి నిన్నూ పిలుస్తారు. అడిగిన దానికి జవాబు చెప్పు, చాలు. గోడ మీద ఏముందో అదే మన పద్ధతి. ఇంకోటి లేదు."

"మరి ఎనిమిది నెలలుగా ఏం చేస్తున్నాం సార్? గోళ్లు గిల్లుకుంటున్నామా?"

"ఎవరేం చేశారో నాకు తెలీదు. నేను చూళ్లేదు." గొంతు తగ్గించాడు. "నీ ప్రమోషన్ సిఫార్సు కాగితం పైన టేబుల్ మీద ఉంది. ప్రాసెస్ సెక్షన్‌లో కుర్చీ. పదో తరగతి దానికి ఆ కుర్చీ ఏంటని అందరూ నవ్వుతుంటే నీ తరఫున నేనొక్కణ్ణే మాట్లాడాను. దాన్ని నువ్వే కాలితో తన్నుకుంటానంటే నీ ఇష్టం."

ఆ కాగితం నకలు నా దగ్గరుంది. ట్రంకుపెట్టెలో అడుగున. జనవరిలో తనే ఇచ్చాడు, నీ పేరు టైపులో చూసి మురిసిపో అని. "నీటితో కడిగే దశను తొలగించి, మాస్కుకు పన్నెండు నిమిషాలు ఆదా చేసే విధానాన్ని ఈ వర్కర్ స్వయంగా రూపొందించింది. సెక్షన్ మొత్తం అమలు చేస్తున్నాం." కింద అతని సంతకం. దాని పక్కన మేనేజర్ పొట్టి సంతకం.

అది తీసి బల్ల మీద పెడితే చాలు. అక్క సొంతంగా ఏదీ ఉల్లంఘించలేదని అక్కడికక్కడే తేలిపోతుంది.

రేపు, ఎల్లుండి ఆఫీసు లేదు. సోమవారం చూస్తాను.

మార్చి 7, శనివారం

పెట్టనని కాదు. ఎప్పుడు పెట్టాలన్నదే.

నేనెలా నేర్చుకున్నానో ఒక్కడికైనా తెలుసా? ఇంజనీర్లు చెత్తబుట్టలో పడేసిన పాత మాన్యువళ్లు ఇంటికి తెచ్చుకుని, ఒక్కో పేజీ నాలుగేసి సార్లు చదివాను. అర్థం కాని మాటలు సీసాల మీది లేబుళ్లతో పోల్చుకుని అర్థం చేసుకున్నాను. ఒకసారి ఒక ఇంజనీర్‌ని యాసిడ్ ఎందుకంత వేడెక్కుతుందని అడిగితే "నీకెందుకమ్మా, జాగ్రత్తగా దించు చాలు" అన్నాడు. అతని పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఆ రోజే అనుకున్నాను.

పద్ధతి తప్పు కాదు. నా చేత్తో ఏడెనిమిది వందల మాస్కులు కడిగాను, తొట్టిలో ఒక్క బుడగ ఎక్కువ లేవలేదు. పద్ధతి మంచిదే. అక్క సరిగ్గా ఊది ఉండదు.

పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయను. నేను రాసిందే.

మొదట్లో అక్క ఒప్పుకోలేదు. "నీళ్లు లేకుండానా? నాకు భయమేనే" అంది. అందరి ముందూ "అక్కా, నువ్వు ఇంకో పదేళ్లు ఇక్కడే పాతుకుపోతావు" అన్నాను. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. మర్నాటి నుంచి నా పద్ధతే చేసింది.

మార్చి 8, ఆదివారం

అమ్మ ముందు గదిలో వీధిలోవాళ్ల బట్టలు కూలికి ఇస్త్రీ చేస్తోంది. నేను వెనక గిన్నెలు కడుగుతున్నాను. అక్కడి నుంచే అడిగింది, "అసలు మీరక్కడ కడిగేదేంటే? ఐదేళ్లయింది, నా బుర్రకెక్కలేదు."

చెప్పాను. గాజు పలక. దాని మీద వెంట్రుక కన్నా సన్నటి క్రోమియం గీతలు. ఆ పలక గుండా వెలుగు పంపి చిప్పుల మీదికి బొమ్మ దింపుతారు. వెలుగు తగిలితే మారిపోయే జిగురు పూత ఒకటి ఉంటుంది, రెసిస్ట్ అంటారు. పనయ్యాక కూడా అది పలకను పట్టుకుని వదలదు. వదిలించకపోతే ఆ తర్వాత దింపే ప్రతి బొమ్మలోనూ అదే మచ్చ. చాలావరకు అసిటోన్ కరిగిస్తుంది. మొండిగా మిగిలింది వేడి యాసిడ్‌కి పోతుంది. కానీ ఆ యాసిడ్‌లో అసిటోన్ చుక్క పడకూడదు. పడితే పేలుతుంది. అందుకే మధ్యలో నీళ్లు.

"అంటే అంట్లు తోమడమేగా" అంది అమ్మ.

"అవును. కాస్త ఖరీదైన అంట్లు."

"నీకు తగ్గ పనే. చిన్నప్పటి నుంచీ నీకు గిన్నెలు వంచే రోగం ఉందిగా."

"రోగమేంటి?"

ఇస్త్రీపెట్టె నిలబెట్టి గుమ్మంలోకి వచ్చింది. "చూడు నీ చెయ్యి. ఏ గిన్నె అయినా ఎడమ వైపు వంచి రెండుసార్లు విదిలించందే అరలో పెట్టవు. మీ నాన్నా ఇంతే. గోడంతా నీళ్లే."

చెయ్యి చూసుకున్నాను. కంచం వంగి ఉంది. అంచు వెంట నీళ్లు ఒకే చోటికి జారి అక్కడి నుంచి కారుతున్నాయి.

కుళాయి కట్టేశాను.

"ఏమైందే? తిట్టలేదుగా నిన్ను" అంది.

మార్చి 9, సోమవారం

అరగంట ముందే వెళ్లాను. గదిలో ఎవరూ లేరు. యాసిడ్ తొట్టి ఖాళీగా, చల్లగా ఉంది. షీల్డ్, ఏప్రన్, గ్లవ్స్ అన్నీ వేసుకుని, అసిటోన్ హుడ్ కింద, మాస్కు లేకుండా ఉత్త చట్రంతో చేసి చూశాను.

గాజు నిలబడటానికి చట్రం అడుగున ఒక గాడి ఉంటుంది. పాత చట్రాలకు అది లోతుండేది కాదు. పోయిన నెల వచ్చి, ప్రమాదం రోజున పాతవి చాలక మొదటిసారి వాడిన కొత్తవాటికి రెట్టింపు లోతు. అసిటోన్‌లో ముంచి, అందరూ పట్టుకున్నట్టు నిటారుగా పట్టుకుని, నైట్రోజన్‌తో ఊదాను. పొడిగా కనిపించింది. అద్దుడు కాగితం మీద తట్టాను. గోరంత తడి మచ్చ.

రెండోసారి నా చెయ్యి ఎలా పోతే అలా పోనిచ్చాను. ఎడమకు వంగింది, రెండుసార్లు విదిలించింది, అప్పుడు ఊదింది. కాగితం మీద ఏమీ లేదు.

ఇలా ఆరుసార్లు, అలా ఆరుసార్లు. నిటారుగా పట్టుకున్న ప్రతిసారీ మచ్చ. వంచినప్పుడు ఒక్కసారీ లేదు.

అక్కకు ఏం నేర్పాను? "ఊదు, ఆరుతుంది, దించు." వంచమని చెప్పలేదు. వంచుతున్నానని నాకే తెలీదు. పన్నెండు నిమిషాలు మిగిల్చింది నా తెలివి అనుకున్నాను. ఇన్నాళ్లూ ఏమీ కాకుండా కాపాడింది నా చెయ్యి. అదేమో నా దగ్గరే ఉండిపోయింది, పద్ధతి మాత్రం అందరికీ పంచాను. పాత చట్రాలు ఉన్నన్నాళ్లు మిగతావాళ్లకు గడిచిపోయింది. కొత్త చట్రం, పదహారు మాస్కుల తొందర కలిసి అక్క మీద పడ్డాయి.

అక్క సరిగ్గానే ఊదింది.

ఇవాళ్టికి వారం. డాక్టరమ్మ చెప్పిన వారం.

కాగితం పెట్టెలోనే ఉంది. ఇప్పుడది తీస్తే పడేది స్టాప్‌వాచ్ ఒక్కడే కాదు.

మార్చి 10, మంగళవారం

ఏమీ జరగలేదు. పదకొండు మాస్కులు కడిగాను. నీళ్లతో.

మార్చి 11, బుధవారం

అక్క రెండు కళ్లకీ కట్టు ఉంది. ఒక కన్ను కదిలితే రెండోది కదులుతుందట, అందుకని.

"కందిరీగా, నువ్వేనా?"

"నేనే అక్కా."

"ఎవరితోనూ పోట్లాడకుండానే వచ్చావా లోపలికి? గేటు దగ్గర అరుపులేం వినపడలేదు."

నవ్వడానికి ప్రయత్నించాను. నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"పడుకుని ఒకటే ఆలోచిస్తున్నానే, ఎక్కడ తప్పు చేశానా అని. తీశాను. ఊదాను. నువ్వు చెప్పినదానికన్నా ఇంకో రెండుసార్లు ఎక్కువే ఊదాను, నా భయం నీకు తెలుసుగా. ఆరిపోయింది. చూశాను కూడా. నువ్వు చెప్పు, నేనేం మర్చిపోయాను?"

నోటిదాకా వచ్చింది.

"టాబ్లెట్లు వేసుకున్నావా?" అన్నాను.

బయట బావ నిలబెట్టాడు. "మీ సూపర్‌వైజర్ వచ్చి వెళ్లాడు. తప్పు తనదేనని మీ అక్క సంతకం పెడితే మానవత్వంతో ఏదో చూస్తారట. పెట్టించమంటావా?"

"వద్దు బావా."

"వద్దంటే మరేం చేయమంటావమ్మా? కన్ను మన కోసం ఆగదు కదా."

రెండు రోజులు ఆగమన్నాను. రెండు రోజులు ఎందుకన్నానో నాకే తెలీదు. ఒక్క రోజు అనొచ్చు. ఆ పూటే అనొచ్చు.

మార్చి 12, గురువారం

పెట్టె తెరిచాను. మూశాను.

మార్చి 13, శుక్రవారం

విచారణ. పొడుగు బల్ల. మేనేజర్, హెచ్ఆర్ మేడమ్, హెడ్డాఫీసు నుంచి వచ్చిన సేఫ్టీ ఆఫీసర్. సన్నటి మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చదువుతాడు. ఓ పక్కగా స్టాప్‌వాచ్.

"గదిలో ఏ పద్ధతి నడుస్తోంది?" అని సేఫ్టీ ఆఫీసర్ అడిగాడు. గోడ మీదిదే అన్నాడు స్టాప్‌వాచ్, నా వంక చూస్తూ.

కాగితం తీసి బల్ల మీద పెట్టాను.

సేఫ్టీ ఆఫీసర్ రెండుసార్లు చదివాడు. "ఈ సంతకం మీదేనా?"

"సార్, అది పిల్లని ప్రోత్సహించడానికి రాసిన మాట."

"సెక్షన్ మొత్తం అమలు చేస్తున్నాం అని ఉంది. ఇది ప్రోత్సాహమా?" కాగితాన్ని మేనేజర్ వైపు తిప్పాడు. ఆయన తన పొట్టి సంతకాన్ని ఎవరిదో వేలిముద్ర చూసినట్టు చూశాడు.

"ఇంకోటుంది" అన్నాను. చట్రం సంగతి, గాడి సంగతి, అద్దుడు కాగితం సంగతి, నా చెయ్యి సంగతి, అన్నీ చెప్పాను.

"అంటే ప్రమాదానికి బాధ్యత మీదేనని ఒప్పుకుంటున్నారా?" హెచ్ఆర్ మేడమ్ పెన్ను తెరిచింది.

"నాది. ఈ సార్‌ది. ఆ పొట్టి సంతకానిది. హాస్పిటల్లో పడుకున్న మనిషిది మాత్రం కాదు. అదీ రాసుకోండి."

ఆవిడ రాసుకుంటుంటే సేఫ్టీ ఆఫీసర్ కళ్లజోడు దించాడు. "ఇది మీకు తొమ్మిదో తారీఖునే తెలిసిందన్నారు. కాగితం జనవరి నుంచీ మీ దగ్గరే ఉంది. ఇవాళ పదమూడు. ఎందుకు ఆగారమ్మా?"

అరిచి అడిగి ఉంటే నేనూ అరిచేదాన్ని. మెల్లగా అడిగాడు. గది బయటికి వచ్చాక చెప్పొచ్చనుకున్నవి చాలా తట్టాయి. అన్నీ అబద్ధాలే.

మార్చి 14, శనివారం

పొద్దున లెటర్ ఆసుపత్రికి చేరిందట. బావ ఫోన్‌లో ఏడ్చాడు. "నువ్వు చెప్పబట్టేనమ్మా" అన్నాడు. ఆ మాటకు ఫోన్ పెట్టేశాను.

సెలవు రోజైనా మధ్యాహ్నం గేటు దగ్గరికి పిలిపించి నా కార్డు తీసుకున్నారు. స్టాప్‌వాచ్‌ని వేరే బిల్డింగ్‌కి మార్చారు. మేనేజర్ తన కుర్చీలోనే ఉన్నాడు. అమ్మ ఇస్త్రీ బల్ల రెండో వైపు ఖాళీ చేసి చూపించింది.

మార్చి 16, సోమవారం

ఆపరేషన్ అయింది. గంటన్నర.

మార్చి 18, బుధవారం

కట్టు విప్పారు. ఎడమ కన్ను బాగుంది. కుడి కంటికి టార్చి వేసి "వెలుగు తెలుస్తోందా?" అంది డాక్టరమ్మ. తెలుస్తోందంది అక్క. "నా వేళ్లెన్ని?" అక్క చాలాసేపు చూసింది. మూడా అంది. ఆవిడ చెయ్యి దించేశాకే అంది.

బయట వరండాలో డాక్టరమ్మను పట్టుకున్నాను. "ఇంకొన్నాళ్లకు వస్తుందా?"

"వెలుగూ చీకటీ తెలుస్తాయి. మనుషుల్ని పోల్చుకునేంత రాదు. పొర పట్టుకోవాల్సిన చోట అప్పటికే మచ్చ కట్టేసింది."

"వారం లోపల చేసి ఉంటే?"

"అప్పుడు నా ఆశ వేరు" అంది. ఆవిడకు ఇంకో పేషెంటు ఉంది, వెళ్లిపోయింది.

రెండో తారీఖు నుంచి పదమూడు దాకా. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. చేతులకున్న వేళ్లు చాలలేదు.

మార్చి 20, శుక్రవారం

అక్కని ఇంటికి తెచ్చారు. బావ మందుల షాపుకు వెళ్లాడు. మేమిద్దరమే.

"నీ ఉద్యోగం పోయిందంటగా నా మూలంగా" అంది. "కళ్లు కాస్త కుదుటపడనీ, ఎవరినైనా అడుగుదాం నీకోసం."

ఇక నావల్ల కాలేదు. గాడి సంగతి చెప్పాను. చెయ్యి సంగతి చెప్పాను. కాగితం సంగతి చెప్పాను.

"ఆ కాగితం నీ దగ్గర ఎప్పటి నుంచి ఉంది?"

"మొదటి నుంచీ."

"నిన్ను అడిగాను చూడు, నేనేం మర్చిపోయానని. అప్పుడు?"

"అప్పుడూ పెట్టెలోనే ఉంది."

అక్క గోడ వైపు తిరిగింది. మంచి కన్ను అటు ఉంది. "నీ చెయ్యి వంగుతుందని నీకే తెలీదు. సరే. భయమేస్తున్నా చేసింది నేనే. అదీ సరే." ఆగింది. "కుర్చీ కోసమా?"

"ఆ."

కోపమొస్తే తట్టుకునేదాన్ని. కోపం నాకు తెలిసిన సరుకు.

"రేపట్నుంచి రాకు" అంది.

మార్చి 21, శనివారం

వెళ్లలేదు.

మార్చి 22, ఆదివారం

వెళ్లలేదు. బట్టలు ఇస్త్రీ చేశాను. ఒక చొక్కా కాల్చాను.

మార్చి 23, సోమవారం

పొద్దున్నే బావ ఫోన్. "నీ మీద ప్రేమతో చేయట్లేదు. నా సెలవు అయిపోయింది. గంటగంటకీ కంట్లో చుక్కలు వేయాలి, లేకపోతే ఉన్న ఆ వెలుగు కూడా పోతుందన్నారు. నాకు ఇంకెవరూ దొరకలేదు."

వెళ్లాను. చుక్కల కాగితం చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఎనిమిదింటికి వేశాను. తొమ్మిదింటికి. పదింటికి. దగ్గరికి వెళ్లగానే అక్క తల వెనక్కి వాలుస్తుంది, కన్ను తెరుస్తుంది, చుక్క పడగానే మూసుకుని గోడ వైపు తిరుగుతుంది. ఒక్క మాట లేదు. నేనేం మాట్లాడినా నా కోసమే మాట్లాడినట్టు ఉంటుంది.

పన్నెండుది వేశాక గోడకానుకుని కూర్చున్నాను. మూడు వారాలుగా సరిగా నిద్ర లేదు. కళ్లు మూతపడ్డాయి.

"ఒంటిగంట దాటింది" అంది అక్క, తల వెనక్కి వాల్చి.